తొమ్మిది జానల మంచం

శనివారం ఉదయం ఏడూ ఇరవైకి ఆంటీ పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. వంటగదిలో పొయ్యికి ఎదురుగా గోడ గడియారం ఉండేది కాబట్టి ఆ సమయం నాకు గుర్తుండిపోయింది. ఆంటీ పాలు పొంగనిచ్చే మనిషి కాదు. పక్షవాతం వచ్చి కుడికాలు స్వాధీనం తప్పాక కూడా ఎత్తు స్టూలు మీద కూర్చుని వంట చేసేది, పొయ్యి మీద ఉన్న ప్రతిదానికీ ఒక చెవి అప్పగించి ఉంచేది. ఆ రోజు మాత్రం కిటికీలోంచి బయట నిలిపి ఉన్న ట్రైలర్ వైపు చూస్తూ ఉండిపోయింది. నైట్ డ్యూటీ చేసి అప్పుడే ఇంటికొచ్చిన అంకుల్, బూట్లయినా విప్పకుండా, "ఈస్టర్ కేంపుకి ఈసారి నువ్వూ వస్తున్నావు. నీ పడకకి ఆ ట్రైలర్లో ఏర్పాటు చేస్తాను" అన్నాడు.

"నేనేమన్నా కుర్చీనా, స్పీకర్ బాక్సునా, ట్రైలర్లో వెయ్యడానికి?" అంది ఆంటీ. అప్పుడే పాలు పొంగాయి.

ఆ రోజుల్లో మాకు తెలియని పని అంటూ ఏదీ ఉండేది కాదు. చేతనైన పని కూడా ఏదీ ఉండేది కాదు. చదువుకుంటున్న వయసులో ఈ రెండింటి మధ్య తేడా కనిపించదు. నేను పెర్త్‌లో అకౌంటింగ్ చదువుతూ, హారిస్‌డేల్‌లో ఆంటీ వాళ్ళ ఇంట్లో వెనకగది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. వాళ్ళు నాకు చుట్టాలు కారు. బందరు వైపు వాళ్ళు, మా తెలుగు చర్చిలో పెద్దలు. అంకుల్ ఆస్పత్రిలో రోగుల మంచాలు తోసే ఉద్యోగం చేసేవాడు. రాత్రంతా ఊరందరినీ ఒక వార్డు నుంచి ఇంకో వార్డుకి తీసుకెళ్ళి, పొద్దున్నే ఇంటికొచ్చి, ఇంట్లో మనిషిని గేటు దాటించలేకపోయేవాడు. ఆంటీకి నాలుగు చక్రాల బ్యాటరీ స్కూటర్ ఉండేది. ఆమె దాన్ని లెటర్ బాక్సు దాకా నడిపి వెనక్కి తిప్పేసేది. ఆదివారాలు చర్చికి వచ్చినా కారు దిగి వెనక వరసలో కూర్చుని, అందరికంటే ముందే వెళ్ళిపోయేది.

అంతకు ముందు అలా ఉండేది కాదట. ఈస్టర్ నాడు మా చర్చివాళ్ళు సముద్రం ఒడ్డున సూర్యోదయపు ఆరాధన పెట్టుకుంటారు. పెర్త్‌లో సముద్రం పడమర వైపు. ("ఇదేం సముద్రమమ్మా, సూర్యుణ్ణి మింగడమే గాని కనడం తెలీదు" అనేది ఆంటీ.) అందుకని ఏటా ఐదు గంటలు ప్రయాణం చేసి, ఆల్బనీ ఊరు దాటి, సూర్యుడు నీళ్ళలోంచి లేచే ఒక చిన్న అఖాతానికి వెళ్ళి, అక్కడ కేంపు వేసేవారు. తొలి వెలుగు కనబడగానే మొదటి పాట ఎత్తుకునేది ఆంటీయే. కాలు పడిపోయాక రెండు ఈస్టర్లు ఆమె వెళ్ళలేదు, ఆ పాట వేరే ఎవరో ఎత్తుకున్నారు. ఎందుకు రారని నేనొకసారి అడిగితే, "డేరాలో నేల మీద పడుకుంటే లేవలేను. నలుగురు చేతులేసి లేపాలి. మూటని ఎత్తినట్టు ఎత్తితే నా నోట్లోంచి పాట రాదమ్మాయ్" అంది.

ఆ శనివారం కూడా ఆమె పెట్టిన షరతు అదే. పొంగిన పాలు తుడుస్తూ, "వస్తాను. నన్ను ఒక్కరు కూడా ఎత్తకూడదు. ఎక్కడన్నా ఎవరన్నా చెయ్యి వేస్తే, అక్కణ్ణుంచే ఇంటికి" అంది. అంకుల్ సరేనన్నాడు. ఈస్టర్‌కి నెల కూడా లేదు.

ట్రైలర్ సంగతి చెప్పాలి. చర్చికి సొంత హాలు లేని కాలంలో, స్కూలు హాలు అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుకునేటప్పుడు, కుర్చీలూ స్పీకర్లూ మోయడానికి కొన్న రేకు పెట్టె అది. రెండు చక్రాలు, కారు వెనక తగిలించుకునే కొక్కెం, వెనకవైపు కిందికి వాలితే ర్యాంపు అయ్యే తలుపు. సొంత హాలు వచ్చాక అంకుల్ ఇంటి ముందు ఊరికే పడి ఉండేది. దాని పక్కరేకు మీద చర్చి కుర్రాళ్ళు ఎప్పుడో భక్తితో ఒక పావురం బొమ్మ వేశారు. భక్తి ఉంది గాని చెయ్యి తిరగలేదు. అది అచ్చం కోడిపెట్టలా ఉండేది. వీధిలో పిల్లలు దాన్ని 'చుక్ వ్యాన్' అనేవాళ్ళు. ఇక్కడివాళ్ళు కోడిని చుక్ అంటారు.

దీన్ని పడకగదిగా మార్చే పని అంకుల్ ఇద్దరికి అప్పగించాడు. ఒకరు నేను. రెండోవాడు మా చర్చికి ప్రతి ఆదివారం తప్పకుండా వచ్చే ఒక హిందూ కుర్రాడు. సివిల్ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ చేసేవాడు. అతను వచ్చేది ఆరాధన తర్వాత పెట్టే కోడిపలావు కోసమని పాస్టర్‌తో సహా అందరికీ తెలుసు. గుమ్మాలకి తల కొట్టుకునేంత పొడుగు. ఆంటీ అతనికి తాటిచెట్టు అని పేరు పెట్టింది. (తర్వాత చాలా ఏళ్ళు నేను ఆయన అనాల్సి వచ్చింది గాని, అప్పటికి అతనే.)

అతను మొదటిరోజే ఫోన్‌లో ఏవో వీడియోలు చూపించాడు. "ఇలాంటి వాటిని టాయ్ హాలర్ అంటారు ఆంటీ. వెనక మోటార్ సైకిళ్ళు ఎక్కించుకుంటారు, ముందు పడుకుంటారు. మనం బైక్ బదులు మీ స్కూటర్ ఎక్కిద్దాం."

"అంటే నా బండి బొమ్మా?"

"వాళ్ళ భాషలో ఆంటీ."

"సరే. బొమ్మ ముందు ఎక్కాలా, నేను ముందు ఎక్కాలా?"

మా ప్లానులో అది ఒక్కటే లేదు. మిగతా ప్లానంతా ఉంది.

మూడు శనివారాలు కిటికీకే పోయాయి. గాలి కోసం పక్కరేకులో కిటికీ కొయ్యాలి. అతను లోపలి నుంచి గీత గీసి, శ్రద్ధగా కోసి, బయటికొచ్చి చూస్తే కిటికీ సరిగ్గా పావురం కడుపులో పడింది. అంకుల్ నిద్ర లేచి వచ్చి, చాలాసేపు చూసి, "పోనీలే, వెలుతురొస్తుంది" అన్నాడు. కిటికీకి రేకు తలుపు పైకి లేచేలా బిగించి, కింద గిన్నె పెట్టుకోవడానికి ఒక బల్ల కొట్టాం. ఒక మూల చిన్న గ్యాసు పొయ్యి, తాలింపు పొగ బయటికి పోవడానికి పైన ఒక గొట్టం, ఆంటీ పట్టుకోవడానికి గోడకి ఒక కడ్డీ. ఇవన్నీ అయ్యేసరికి గుడ్ ఫ్రైడే ముందు గురువారం వచ్చేసింది. మంచం మాత్రం మిగిలిపోయింది. పడుకోవడానికి కడుతున్న బండిలో పడకని ఆఖరున పెట్టుకున్నాం.

ఆ గురువారం నాకు యూనివర్సిటీలో క్లాసు లేదు, అతనికి ఉంది. అతను పొద్దున్నే వచ్చి ట్రైలర్ లోపల కొలతలు తీసుకుని వెళ్తానన్నాడు. ఇంట్లో ఉన్న టేపుకి మొదటి ముక్క తెగిపోయింది, ప్రతి కొలతలోంచీ కొంత తీసెయ్యాలి. ఎంత తీసెయ్యాలో మా ఇద్దరికీ అంతకుముందే రెండుసార్లు గొడవైంది. అందుకని అతను, "టేపు ఎందుకండీ, మా తాత పడవల్ని జానలతో కొలిచేవాడు" అని, బొటనవేలు నుంచి చిటికెనవేలు దాకా చెయ్యి చాపి, రేకు మీద పురుగు పాకినట్టు పాకించి కొలిచాడు. "మంచం పొడవు తొమ్మిది జానలు, ఎత్తు మూడు జానలు. అంకుల్ కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. పలకలు కోయించి తెచ్చెయ్యండి" అని చెప్పి బస్సుకి పరిగెత్తాడు. స్కూటర్ సంగతి అడిగితే, రాత్రికి బయట టార్పాలిన్ కప్పుదామన్నాడు.

నేను హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళాను. చెక్కలు కోసే ఆయన, చెవి వెనక పెన్సిలు పెట్టుకుని, "హౌ లాంగ్, డార్ల్?" అని అడిగాడు. నేను పలక మీద చెయ్యి ఆనించి జానలు కొలవడం మొదలుపెట్టాను. ఆయన రంపం ఆపేసి, చేతులు కట్టుకుని, నేను తొమ్మిది లెక్కపెట్టేదాకా మర్యాదగా నిలబడ్డాడు. తర్వాత అక్కడ గీత గీసి, "నో వర్రీస్" అని అన్ని పలకలూ అదే కొలతకి కోశాడు. కాళ్ళకి మూడు జానలు కూడా నేనే కొలిచాను. డిగ్రీలో లెక్కలు చదివినదాన్ని. తొమ్మిది అంటే తొమ్మిదే కదా అనుకున్నాను.

గుడ్ ఫ్రైడే ఉదయం, ఆరాధనకి వెళ్ళే ముందు, మంచం బిగించాం. చట్రం బిగించేసరికి డ్రిల్లు బ్యాటరీ అయిపోయింది, పలకలు ఊరికే పైన పేర్చి పరుపు వేశాం. అంకుల్ ఎక్కి పడుకున్నాడు. చీలమండల దగ్గర్నుంచి రెండు కాళ్ళూ బయటికి వేలాడాయి.

"ఇది మంచమా, ఉయ్యాలా?" అన్నాడు పడుకునే.

అతను పలక దగ్గర కూర్చుని తన జానతో కొలిచాడు. ఏడు దాటింది, ఎనిమిది కాలేదు. "తొమ్మిది చెప్పాను కదండీ."

"తొమ్మిదే కొలిచాను. చూడండి." నేను కొలిచి చూపించాను. సరిగ్గా తొమ్మిది.

అతను నా చేతి వైపు చూసి, "ఏదీ, నీ చెయ్యి" అన్నాడు. అంతవరకూ మేం ఒకరినొకరు మీరు అనే అనుకునేవాళ్ళం. నేను చెయ్యి చాపాను. అతను తన అరచేతిని నా అరచేతికి ఆనించి పట్టుకున్నాడు. మణికట్టు దగ్గర రెండూ ఒకచోటే మొదలయ్యాయి. చివర్లో అతని వేళ్ళు నావి దాటి ఒక కణుపు పైకి వెళ్ళిపోయాయి. కారణం తెలిసిపోయింది. తెలిసిన తర్వాత కూడా ఇంకాసేపు చేతులు అలాగే ఉన్నాయి. వంటగది కిటికీలోంచి ఆంటీ గొంతు వినిపించింది.

"కొలతలు అయ్యాయా, ఇంకా ఉన్నాయా?"

ఆస్ట్రేలియాలో గుడ్ ఫ్రైడే నాడు దుకాణాలన్నీ మూసేస్తారు. మర్నాడే ప్రయాణం. కొత్త పలకలు ఎక్కడా దొరకవు. అంకుల్ ఉయ్యాల దిగి ఇంట్లోకి వెళ్ళబోయాడు. ఆయన ముఖం చూస్తే నాకు భయం వేసింది. అప్పుడు ఆంటీ స్కూటర్ మీద బయటికి వచ్చింది. లెటర్ బాక్సు వైపు కాకుండా ట్రైలర్ వైపు తిప్పింది. ర్యాంపు మీదుగా తనే లోపలికి నడిపింది. మంచం పొట్టిది కావడంతో దాని కాళ్ళవైపున స్కూటర్‌కి సరిపడా చోటు మిగిలింది. ఆమె స్కూటర్ సీటు పక్కకి తిప్పి, గోడకున్న కడ్డీ పట్టుకుని, మంచం మీదికి జరిగింది. సీటూ మంచమూ ఒకే ఎత్తు. పాదాలు రెండూ నేలకి ఆనాయి. ఆంటీ నాకంటే కూడా పొట్టిది.

ఆమె మంచం మీద నుంచి మళ్ళీ సీటు మీదికి, సీటు మీద నుంచి మళ్ళీ మంచం మీదికి జరిగి చూసుకుంది.

"ఇది ఎవరి చేతి కొలత?"

"నాదే ఆంటీ."

"ఎవరూ దీన్ని ముట్టుకోకండి. ఇలాగే ఉంచండి."

"మరి నా కాళ్ళో?" అన్నాడు అంకుల్.

"మీ కాళ్ళు మీరు చూసుకోండి."

శనివారం సాయంత్రానికి కేంపుకి చేరాం. మా చర్చివాళ్ళవి డేరాలు కాబట్టి గడ్డి మీద వేసుకున్నారు, ట్రైలర్ని మాత్రం దారి పక్కన నిలపమన్నారు. ఆంటీ లోపల మంచం అంచున కూర్చుని, కిటికీ తలుపు పైకెత్తి, కోడిపలావు వేడి చేస్తోంది. చర్చి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వస్తారనీ, తల ఒక పక్కకి వంచి 'ఎలా ఉన్నారు ఆంటీ' అని అడుగుతారనీ, దానికి ఆమె సిద్ధపడుతోందనీ నాకు తెలుస్తూనే ఉంది. వాళ్ళకంటే ముందు, రబ్బరు చెప్పులూ నిక్కరూ వేసుకున్న ఒక ముసలాయన పక్క డేరాల్లోంచి వచ్చాడు. రేకు మీద కోడి, దాని కడుపులో కిటికీ, కిటికీ కింద బల్ల, లోపల్నించి వాసన. ఆయన తప్పేమీ లేదు.

"టూ చుక్స్ అండ్ చిప్స్, లవ్" అన్నాడు బల్ల మీద మోచెయ్యి ఆనించి.

బయట నిలబడ్డ మేం వివరించబోయాం. ఆంటీ మాకు చేత్తో సైగ చేసి ఆపింది. "చిప్స్ లేదు. రైస్ ఉంది, స్పైసీ. ఓకేనా?" అంది ఆయనతో.

"ఐ విల్ గివ్ ఇట్ ఎ గో" అన్నాడు, తిని చూస్తానని.

ఆంటీ రెండు ప్లేట్లు నింపి కిటికీలోంచి ఇచ్చింది, డబ్బు వద్దంది. ఆయన కాసేపటికి ముక్కు ఎర్రబడి, కళ్ళలో నీళ్ళతో, ఖాళీ ప్లేట్లు పట్టుకుని మళ్ళీ వచ్చాడు. వెనక ఇంకో ఇద్దరున్నారు. చీకటి పడేదాకా ఆ కిటికీ ముందు మనుషులు ఆగలేదు. మా వాళ్ళు కూడా వచ్చారు గాని, వరసలో నిలబడాల్సి వచ్చేసరికి తల వంచి పరామర్శించే వీల్లేకపోయింది. రెండేళ్ళలో ఆంటీని ఎలా ఉన్నారని ఎవరూ అడగని మొదటి సాయంత్రం అది. తాటిచెట్టుకి మాత్రం ఆ వారం పలావు దక్కలేదు. పెరుగన్నం తిన్నాడు.

తెల్లవారుజామున మేం వెళ్ళి తలుపు తీసేసరికి, అంకుల్ కాళ్ళు మంచం దాటి స్కూటర్ సీటు మీద, కాళ్ళ కింద ఒక దిండు. రాత్రంతా బండి కదలకుండా కాపలా కాశానని చెప్పుకున్నాడు.

"కాళ్ళు తియ్యండి, నా బండి కావాలి" అంది ఆంటీ.

ఆమె తెల్లచీర కట్టుకుని ఉంది, పైన స్వెట్టరు. ఇక్కడ ఈస్టర్ చలికాలానికి ముందు వస్తుంది. సీటు మీదికి తనే జరిగి, తనే బండి నడిపి, ర్యాంపు దిగింది. మా ఇద్దరినీ చేతులు వెనక్కి కట్టుకుని నడవమన్నాడు అంకుల్. సిమెంటు దారి వెంట బండి సాఫీగా వెళ్ళింది. దారి ఇసుక అంచున ఆగిపోయింది. బండీ ఆగింది.

ఆ సంగతి మేమెవరం ఆలోచించలేదు. గోడకి కడ్డీ ఎక్కడ ఉండాలో, పొగ ఎటు పోవాలో అన్నీ ఆలోచించాం. సముద్రం ఒడ్డున ఇసుక ఉంటుందని మాకు తోచలేదు. మా వాళ్ళంతా ఇసుక దాటి, నీళ్ళ దగ్గర నిలబడి ఉన్నారు. ఆంటీ ముందు చక్రాలు ఇసుకలో పెట్టి చూసింది, అవి దిగబడ్డాయి. వెనక్కి తీసుకుంది. అటునుంచి నలుగురు మగవాళ్ళు ఒక కుర్చీ పట్టుకుని గబగబా రావడం కనిపించింది. మంచివాళ్ళే, ప్రేమతోనే వస్తున్నారు. ఆంటీ వాళ్ళని చూసింది. అంకుల్‌ని చూసి, చాలా మెల్లిగా, "ఇక వెళ్ళిపోదామండీ" అంది.

నా పక్కన తాటిచెట్టు లేడు. వెనక్కి తిరిగి చూస్తే ట్రైలర్ వైపు పరిగెడుతున్నాడు. అతను తిరిగొచ్చేటప్పుడు చంకల్లో మంచం పలకలున్నాయి. మేకులు కొట్టని పలకలు. "అంకుల్, ఒక్క నిమిషం" అని, రెండు పలకలు ఇసుక మీద పక్కపక్కన పరిచాడు. ఒకటి ఎడమ చక్రాలకి, ఒకటి కుడి చక్రాలకి. వాటి ముందు ఇంకో రెండు. ఆంటీ వాటి మీదికి బండి ఎక్కించింది. దాటిన పలకల్ని నేను వెనకనుంచి తీసి ముందుకి అందించాను. నా కొలతకి కోసినవి కాబట్టి నేను మొయ్యగలిగాను. కుర్చీతో వచ్చిన నలుగురికి విషయం అర్థమైంది, కుర్చీ పక్కన పడేశారు. ఎత్తడానికి వచ్చిన చేతులు పలకలు ఎత్తాయి. పాస్టర్ కూడా ప్యాంటు మడిచి వచ్చాడు. వెనక పలక తీసి ముందు వెయ్యడం, బండి ఒక మంచం దూరం నడవడం, మళ్ళీ తియ్యడం. "నీది వంకర", "ఇటు జరుపు" అనే మాటలే వినిపించాయి.

నీళ్ళ దగ్గరికి చేరేసరికి సూర్యుడు సగం పైకి వచ్చేశాడు. ఆ ఏడు మా ఆరాధన ఆయనకంటే కొంచెం వెనకబడింది. ఆంటీ బండి ఆపి, ఊపిరి తీసుకుని, పాట ఎత్తుకుంది. మొదటి చరణంలో గొంతు పలకలేదు. రెండోదాంట్లో పలికింది. తాటిచెట్టుకి పాట రాదు, మోకాళ్ళ దాకా ఇసుకతో, చంకలో ఒక పలకతో నిలబడి ఉన్నాడు. పాట అయ్యాక నా దగ్గరికి వచ్చి, "తొమ్మిది జానలు కరెక్టే" అన్నాడు.

అతనితో నా పెళ్ళి గురించి రెండు ఇళ్ళకీ ఫోన్ చేసి మాట్లాడిందీ, రెండు వైపుల తిట్లూ తిన్నదీ ఆంటీయే. "కొలతలన్నీ నా కళ్ళ ముందే తీసుకున్నారు" అని చెప్పిందట.

పెళ్ళయ్యాక మా ఇంట్లోకి మంచి టేపు వచ్చింది. దాన్ని డ్రాయర్లోంచి ఎవరూ తియ్యలేదు. కర్టెన్లు, పుస్తకాల అలమర, పాప ఉయ్యాల, అన్నీ జానలతోనే. కొలత చెప్పగానే ఆయన, "నీ జానా, నా జానా?" అని అడిగేవారు. పాప ఎదుగుతున్న కొద్దీ దాన్ని తలుపుకి ఆనించి కొలిచేవారు. పాప నా జానలు అడిగేది, ఎందుకంటే నావైతే ఎక్కువ వచ్చేవి.

పోయిన చలికాలం ఆయన పోయారు. అంకుల్, ఆంటీ ఇప్పుడు సిడ్నీలో, ద పాండ్స్ అనే పేటలో, కొడుకు దగ్గర ఉంటున్నారు. ఆంటీ ఫోన్ చేసి, "తాటిచెట్టు నాకంటే ముందు వెళ్ళాడేంటమ్మా" అని, చాలాసేపు లైన్‌లో ఉంది. నేనూ ఉన్నాను. చివరికి ఆమే అంది, "ఆ చెక్కల షాపువాడు ఏమనుకుని ఉంటాడే నీ గురించి." ఇద్దరం నవ్వాం. రంపం పక్కన నిలబడి, ప్రపంచంలో అందరి చేతులూ ఒకటే అనుకుని, గట్టిగా లెక్కపెడుతున్న ఆ పిల్ల నాకు బాగా కనిపించింది. దాన్ని ఎవరూ సరిదిద్దనందుకు ఇప్పటికీ సంతోషంగానే ఉంది.

మొన్న ఆయన పుస్తకాల కోసం కొత్త అలమర తెద్దామని గోడ దగ్గర నిలబడి, అలవాటుగా చెయ్యి చాపాను. పాప, "మమ్, ఐ హావ్ గాట్ ద టేప్" అంటూ వచ్చి, కొలిచి, ఫోన్‌లో రాసుకుంది. అలమర వచ్చింది, గోడకి సరిగ్గా సరిపోయింది. మా ఇంట్లో ఇప్పుడు దేన్నీ జానలతో కొలవం.